విమానం దిగిందా, వాలిందా?

అందరికీ నమస్కారం. కంప్యూటర్‌లో విమానం నడపడం నాకు చాలా ఇష్టమైన హాబీ. ఫ్లైట్ సిమ్యులేటర్ గురించి తెలియని వాళ్ళకి రెండు మాటలు. ఇంజిన్ తీరు, రెక్కల మీద గాలి పనిచేసే తీరు, వాతావరణం, కాక్‌పిట్‌లోని మీటర్లు, ఇవన్నీ క్షణక్షణం లెక్కగట్టి తెర మీద చూపించే ప్రోగ్రామ్ అది. జాయ్‌స్టిక్ పట్టుకుని ఒక రన్‌వే మీంచి లేపి, ఇంకో రన్‌వే దాకా తీసుకెళ్ళి నేలకి చేర్చాలి. ఆ నేలకి చేర్చే పనికి తెలుగులో ఏ మాట వాడాలన్నదే ఇవాళ్టి చర్చ. పేపర్లలో "విమానం దిగింది" అనీ చూస్తాం, "రన్‌వేపై వాలింది" అనీ చూస్తాం. రెండూ ఒకటే అన్నట్టు రాసేస్తారు. నా ఉద్దేశంలో ఇవి రెండు వేర్వేరు పనులు. సిమ్యులేటర్ ముందు కూర్చునే ఎవరికైనా ఆ తేడా చేతికి తెలుస్తుంది.

ముందు దిగడం. మెట్లు దిగుతాం, కొండ దిగుతాం, బస్సు దిగుతాం. పై నుంచి కిందికి రావడమే అందులో ముఖ్యం. విమానం 9,000 అడుగుల ఎత్తులో ఉందనుకోండి. రన్‌వే దగ్గరికి వచ్చేసరికి 1,000 అడుగులకి రావాలి. అంటే 8,000 అడుగులు తగ్గాలి. పైలట్లు నోటి లెక్కగా వెయ్యి అడుగులకి మూడు నాటికల్ మైళ్ళు అనుకుంటారు. ఆ లెక్కన ఇంకా 24 నాటికల్ మైళ్ళు ఉండగానే మొదలుపెట్టాలి. థ్రాటిల్, అంటే ఇంజిన్ బలాన్ని పెంచి తగ్గించే మీట, తగ్గించి, ముక్కు కాస్త వంచి, నిమిషానికి ఆరేడు వందల అడుగుల చొప్పున కిందికి వస్తారు. ఇది దిగడం. దీన్ని ఎవరూ "వాలుతోంది" అనరు.

వాలడం చివరి ఇరవై ముప్పై అడుగుల్లో జరిగే పని. పిట్ట కొమ్మ మీద వాలుతుంది, తుమ్మెద పువ్వు మీద వాలుతుంది. అక్కడ ఎత్తు తగ్గడం కంటే కుదురుకోవడం ముఖ్యం. అందుకే నా ప్రతిపాదన ఇది: కిందికి వస్తున్నంతసేపూ "దిగుతోంది" అందాం, చక్రాలు నేలకి ఆనే ఆ కాసేపటికి "వాలింది" అందాం. మీరేమంటారు?

*

స్పందన: మంచి ప్రశ్న వేశారండీ. నేను తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను, విమానాల సంగతి నాకు తెలియదు. మాట వరకు నా అభ్యంతరం చెబుతాను. వాలడం తనంతట తాను చేసే పని. పక్షి, ఈగ, తుమ్మెద వాలుతాయి, ఎందుకంటే వాటికి ఇష్టం అంటూ ఒకటి ఉంటుంది. "కబురు అందగానే రెక్కలు కట్టుకుని వచ్చి వాలాడు" అన్నా అందులో ఆ మనిషి ఇష్టం ఉంది. విమానం యంత్రం. దాన్ని ఒకడు దింపాలి. దింపడం అన్నది నిక్కమైన మాట. బరువుని దించుతాం, మనిషిని స్టేషన్ దగ్గర దింపుతాం, విమానాన్ని రన్‌వే మీద దింపుతాం. దీనికి కవిత్వం అక్కర్లేదేమో.

*

గురువుగారూ, మీ అభ్యంతరం వల్లే విషయం అసలు చోటికి వచ్చింది. ఇష్టం ఉన్నవే వాలుతాయంటే పొద్దు ఎలా వాలుతుంది? గాలికి చెట్టు ఒక పక్కకి ఎలా వాలుతుంది? అయినా నేను వాలడం అన్నది కవిత్వం కోసం కాదు. పక్షి వాలే తీరుని దగ్గరగా చూస్తే విమానం ల్యాండింగ్‌కి దానికంటే సరైన మాట దొరకదు.

పక్షి కొమ్మ దగ్గరికి వేగంగా వస్తుంది. ఆఖరి క్షణంలో ఒళ్ళు పైకి లేపి, రెక్కలు వెడల్పుగా విప్పి, గాలికి అడ్డం పెడుతుంది. రెక్క కోణం మారగానే వేగం పడిపోతుంది. ఇక గాలి మోయలేని స్థితికి వచ్చే సమయానికి కాళ్ళ కింద కొమ్మ ఉంటుంది. విమానంలో దీన్నే ఫ్లేర్ అంటారు. సిమ్యులేటర్‌లో చాలామంది మొదట నేర్చుకునే సెస్నా 172 తీసుకుందాం. రన్‌వే వైపు 65 నాట్స్ వేగంతో, అంటే గంటకి 65 నాటికల్ మైళ్ళ చొప్పున, వస్తుంది. నేల ఇంకో పది పదిహేను అడుగులు ఉందనగా థ్రాటిల్ పూర్తిగా వెనక్కి లాగి, స్టిక్‌ని కొద్దికొద్దిగా వెనక్కి తీస్తారు. ముక్కు లేస్తుంది. విమానం నేలకి సమాంతరంగా జారుతూ పోతుంది. వేగం 60, 55, 50 అని తగ్గుతూ ఉంటుంది. ఇంక దిగిపోతుందనిపించినప్పుడల్లా స్టిక్ ఇంకొంచెం వెనక్కి. అంటే పైలట్ ఆ ఆఖరి క్షణాల్లో విమానాన్ని కిందికి పంపడు, గాలిలో ఉంచాలనే చూస్తాడు. వేగం చాలక అది తనంతట తానే కూర్చుంటుంది. మొదట వెనకవైపు చక్రాలు రెండూ, ఆ తర్వాత ముక్కు చక్రం.

మీరు చెప్పిన "తనంతట తాను" అన్నది ఇక్కడ యంత్రం విషయంలో అక్షరాలా నిజం. దింపడం అనే మాటలో పైలట్ చెయ్యి ఉంది కానీ, ఆ చెయ్యి చేసే అసలు పని లేదు.

*

స్పందన: ఇంత తర్జనభర్జన ఎందుకండీ, "ల్యాండ్" అంటే అందరికీ అర్థమవుతుంది కదా?

*

అవుతుందండీ, నేనూ వాడతాను. కానీ ఆ మాట తెచ్చుకున్నా తెలుగు మనల్ని అదే ప్రశ్న అడుగుతుంది. "ల్యాండ్ చేశా" అంటారా, "ల్యాండ్ అయింది" అంటారా? చేయడమా, అవడమా తేల్చకుండా తెలుగులో వాక్యం పూర్తికాదు. మన భాషలో క్రియలు చాలావరకు ఇలా జంటలుగా ఉంటాయి. లేచు, లేపు. తిరుగు, తిప్పు. వంగు, వంచు. ఆగు, ఆపు. దిగు, దింపు. కూలు, కూల్చు. విమానం నడపడమంతా ఈ జంటల మధ్యే సాగుతుంది. స్టిక్ లాగి లేపుతున్నామా, తగినంత వేగం వచ్చాక అదే లేస్తోందా? సెస్నా 172కి 55 నాట్స్ రాకముందే బలవంతంగా లేపితే లేచినట్టే లేచి మళ్ళీ నేలకి తగులుతుంది. ఆ వేగం వచ్చాక కొద్దిగా వెనక్కి తీస్తే చాలు, లేస్తుంది.

*

స్పందన: అన్నా, నేను ఈ మధ్యే ఫ్లైట్‌గేర్ అనే సిమ్యులేటర్ ఇన్‌స్టాల్ చేసుకున్నాను, ఫ్రీగా దొరుకుతుందని. లేపడం బాగానే వస్తోంది. దించేటప్పుడు మాత్రం ప్రతిసారీ నేలకి కొట్టుకుని బంతిలా ఎగిరిపడుతోంది. మళ్ళీ ముక్కు కిందికి నొక్కితే ఇంకా గట్టిగా కొట్టుకుంటోంది. చాలా టెన్షన్‌గా ఉంటోంది. ఇది జాయ్‌స్టిక్ ప్రాబ్లమా?

*

తమ్ముడూ, జాయ్‌స్టిక్‌ది కాకపోవచ్చు. నువ్వు రాసిన "దించేటప్పుడు" అన్న మాటలోనే చాలావరకు ఉంది. నువ్వు దాన్ని నేలకి దించాలని చూస్తున్నావు. నేల దగ్గర పడగానే ముక్కు కిందికి నొక్కుతున్నావు, వేగం ఇంకా ఎక్కువగానే ఉంది. వేగం ఉన్నంతసేపూ రెక్కలకి మోసే బలం ఉంటుంది కాబట్టి తగిలిన చక్రం వెనక్కి తంతుంది.

వేగం సంగతి ముందు చూడు. 65 నాట్స్‌తో రావలసింది 75తో వస్తే రన్‌వే మీద తేలుతూ పోతుంది. నేలకి బాగా దగ్గరగా ఉన్నప్పుడు గాలి రెక్కలని వెనక్కి లాగే బలం తగ్గుతుంది. రెక్కల వెడల్పు కంటే తక్కువ ఎత్తుకి వచ్చాక ఇది తెలుస్తుంది. సెస్నా 172 రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకి 36 అడుగులు. ఆ ఎత్తు లోపల ఎక్కువ వేగం ఒక పట్టాన తగ్గదు. విసుగొచ్చి నొక్కుతాం, ఎగిరిపడుతుంది.

రెండోది ట్రిమ్, అంటే చెయ్యి తీసేసినా ముక్కు ఉన్నచోటే నిలిచేలా చేసే సర్దుబాటు. విమానం 65 దగ్గర నీ చెయ్యి లేకుండా నిలవాలి. అసలు విమానంలో ట్రిమ్ చక్రం తిప్పితే స్టిక్ పట్టుకున్న చోటే ఉంటుంది, చేతి మీద ఒత్తిడి మాత్రం పోతుంది. మన జాయ్‌స్టిక్‌లో స్ప్రింగ్ ఉంటుంది, వదిలితే మధ్యకి వచ్చేస్తుంది. అందుకని ట్రిమ్ కొద్దిగా వేస్తూ, అంతే మోతాదులో స్టిక్‌ని మెల్లగా మధ్యకి రానివ్వాలి. ఇది కుదిరిందంటే ఆఖర్లో చెయ్యి తేలిగ్గా ఉంటుంది. చెయ్యి బిగిసి ఉన్నంతకాలం ఫ్లేర్ రాదు.

ఇంకొకటి, చూపు. ముక్కు ముందున్న నేలని చూడకు, అది నీ మీదికి దూసుకొస్తున్నట్టు అనిపించి చెయ్యి గట్టిగా లాగుతుంది. రన్‌వే అవతలి చివరని చూడు. ఒక్క మానిటర్ మీద పక్కల చూపు దొరకదు, సీట్లో కూర్చున్నప్పుడు ఒంటికి తెలిసే కదలికా ఉండదు. అందుకే ఈ ఒక్క పని కంప్యూటర్‌లో కాస్త కష్టం. దీనికి నిరాశపడకు.

ఎగిరిపడితే ముక్కు నొక్కవద్దు. చిన్న ఎగురు అయితే స్టిక్ అలాగే పట్టుకుని, థ్రాటిల్ కొంచెం ఇచ్చి, మళ్ళీ కూర్చోనివ్వు. పెద్దదైతే థ్రాటిల్ పూర్తిగా తోసి పైకి వెళ్ళిపో. మళ్ళీ చుట్టూ తిరిగి రావచ్చు.

*

స్పందన: మళ్ళీ నేనే, తెలుగు మాస్టారిని. మీరు రాసిన "కూర్చోనివ్వు", "రానివ్వాలి" చూసి ఆగాను. నాకు ఇప్పుడు మీ వైపు మొగ్గు కలుగుతోంది. "పిల్లాడి మీద ఈగ వాలనివ్వదు" అని తల్లుల గురించి అంటాం. వాలనివ్వడం అన్నది మన నోట ఎప్పటి నుంచో ఉన్న రూపమే. పోనిమ్ము అన్నది పోనీ అయింది, కానిమ్ము కానీ అయింది. అదే దారిలో మీ పైలట్లు "వాలనీ" అనుకోవచ్చు. ఇందులో చేసేవాడూ ఉన్నాడు, తనంతట తాను జరిగేదీ ఉంది. దింపడానికీ దిగడానికీ మధ్య మీరు వెతుకుతున్నది ఇదే కదా?

*

ఇదేనండీ! ఈ చర్చ మొదలుపెట్టినప్పుడు నాకు తట్టని మాట మీరు ఇచ్చారు. "దింపు" అంటే చెయ్యి నొక్కుతుంది, "వాలనీ" అంటే చెయ్యి ఆగుతుంది. నేర్పే వాళ్ళు ఇంగ్లీషులో పది వాక్యాల్లో చెప్పేది మూడు అక్షరాల్లో ఉంది. తమ్ముడూ, ఈసారి రన్‌వే మీదికి రాగానే పైకి గట్టిగా అనుకుంటూ ఉండు: వాలనీ, వాలనీ.

మీరు ఇచ్చిన మాటకి తోడు ఇంకో సంగతి. వాలు అంటే ఏటవాలు కూడా. రన్‌వేకి విమానం వచ్చే దారి మామూలుగా 3 డిగ్రీల వాలు. వేగాన్ని అయిదుతో గుణిస్తే నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో వస్తుంది. 65 నాట్స్‌కి 325 అడుగులు. ఆ వాలు మీద ఉన్నామో లేదో చెప్పడానికి రన్‌వే పక్కన నాలుగు దీపాల వరస ఉంటుంది. రెండు తెల్లగా రెండు ఎర్రగా కనిపిస్తే సరిగ్గా ఉన్నట్టు. నాలుగూ తెలుపైతే ఎత్తు ఎక్కువ, నాలుగూ ఎరుపైతే ప్రమాదకరంగా కిందున్నట్టు. సిమ్యులేటర్లలో కూడా ఇవి అలాగే పనిచేస్తాయి. "వాలు మీద వచ్చి వాలింది" అని రాస్తే తెలుగులో ఎంత సహజంగా ఉందో చూడండి.

*

స్పందన: సిమ్యులేటర్లు మొదటి నుంచీ ల్యాండింగ్ నేర్పేవా?

*

లేదండీ. ఎడ్విన్ లింక్ 1929లో చేసిన లింక్ ట్రైనర్‌ని ఈ కోవలో మొదటి వాటిలో చెబుతారు. ఆయన కుటుంబానికి పియానోలు, ఆర్గాన్లు చేసే కార్ఖానా ఉండేది. ఆర్గాన్లలో వాడే గాలితిత్తులతోనే ఆ చిన్న విమానాన్ని అటూ ఇటూ కదిలించాడు. రెండో ప్రపంచయుద్ధంలో లక్షలమంది దాంట్లో నేర్చుకున్నారు. అయితే మూత వేసుకుని, బయట ఏమీ కనిపించకుండా మీటర్లు చూసి నడపడమే అందులో ముఖ్యమైన పాఠం. ఇంట్లో కంప్యూటర్ మీద ల్యాండింగ్ అనేది 1979లో బ్రూస్ ఆర్ట్‌విక్ తెచ్చిన ప్రోగ్రామ్‌తో మనదాకా వచ్చింది. అప్పుడు నేల అంటే కొన్ని గీతలు. 1982లో మైక్రోసాఫ్ట్ పేరుతో వచ్చినదానిలో మొదట కనిపించే రన్‌వే షికాగోలోని మీగ్స్ ఫీల్డ్. చాలా ఏళ్ళ పాటు కొత్తవాళ్ళు అక్కడే నేర్చుకున్నారు. ఆ విమానాశ్రయాన్ని 2003లో మూసేశారు, రన్‌వేని రాత్రికి రాత్రే తవ్వేశారు. పాత ప్రోగ్రామ్‌లలో అది ఇప్పటికీ ఉంది, ఇష్టం ఉన్నవాళ్ళు ఇప్పటికీ అక్కడ వాలుతున్నారు.

*

స్పందన: అన్నా, పైకి వెళ్ళిపోవడానికి, అదే గో అరౌండ్‌కి, తెలుగు మాట?

*

దాన్ని అలాగే ఉంచుదాం తమ్ముడూ. సిమ్యులేటర్ వాళ్ళంతా ఇంటర్నెట్‌లో కలిసి ఎగిరే వ్యాట్సిమ్ లాంటి నెట్‌వర్క్‌లో చేరితే అవతల నిజమైన మనుషులే కంట్రోలర్లుగా కూర్చుని రేడియోలో మాట్లాడతారు. అక్కడ వాడే మాటలు అసలు పైలట్ల మాటలే, ఎక్కువగా ఇంగ్లీషులోనే. క్లియర్డ్ టు ల్యాండ్, అంటే ల్యాండింగ్‌కి అనుమతి, అని వాళ్ళు అంటే అదే తిరిగి చెప్పాలి, గో అరౌండ్ అంటే ఆలోచించకుండా థ్రాటిల్ తొయ్యాలి. రేడియోలో ఇంగ్లీషు, చేతికి చెప్పుకునేటప్పుడు తెలుగు. రేపు ఒకసారి 65 దగ్గర ట్రిమ్ చేసి ప్రయత్నించి, ఎలా వచ్చిందో ఇక్కడే రాయి. గాలి లేని వాతావరణం పెట్టుకో. అడ్డగాలి సంగతి తర్వాత చూద్దాం.