లవ్ నెవర్ డైస్ ఇంట్లో చూసినోళ్ళు ఎవరైనా ఉన్నారా? (ఫాంటమ్ పిచ్చోళ్ళకి మాత్రమే)

పర్లాకిమిడి_పిల్ల
ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా (మాస్కు వెనక దాక్కునే సంగీతకారుడు ఫాంటమ్, వాడు ప్రేమించిన గాయని క్రిస్టీన్, ఆమెని పెళ్ళాడే రౌల్, వీళ్ళ కథతో నడిచే ఇంగ్లిష్ పాటల నాటకం) అంటే పడిచచ్చేవాళ్ళ కోసమే ఈ పోస్టు, మిగతావాళ్ళు దాటెయ్యండి. దాని సీక్వెల్ లవ్ నెవర్ డైస్ ఉందిగా, మెల్‌బోర్న్ రీజెంట్ థియేటర్లో 2011లో షూట్ చేసింది, మొదటిదాని మీదున్న ప్రేమ ఎక్కడ పాడవుతుందోనని ఇన్నాళ్ళూ దాని జోలికే పోలేదు. మొన్న ఇంట్లోవాళ్ళంతా పెళ్ళికని పలాస వెళ్తే టీవీకి లాప్‌టాప్ తగిలించి సౌండు పెంచి చూసేశాను. మొదలవ్వడమే టిల్ ఐ హియర్ యూ సింగ్ పాట, ఫాంటమ్ వేషంలో బెన్ లూయిస్ ఒక్కడే నిలబడి పాడతాడు, ఆ చివరి స్వరం దగ్గర ఒళ్ళు ఝల్లుమంది. ఇక ఆ తర్వాత కథ మొదలైంది, నా ఖర్మ! రౌల్‌ని తాగుబోతుని, జూదగాడిని చేసెయ్యడమేంటండీ? మీకెలా అనిపించిందో చెప్పండి, స్పాయిలర్లు ఫర్వాలేదు.

సిరొంచ_గోదారోడు
రౌల్ సంగతి తర్వాత, ముందుగాల లెక్క సూడు. మొదటి కథ 1881ల పారిస్‌ల జరుగుతది. ఇది పదేండ్ల తర్వాత అంటరు, తీరా జూస్తే 1907ల న్యూయార్క్ దగ్గరి కోనీ ఐలాండ్ సంత. గిదేం లెక్క? ఇంకోటి, మొదటిదాంట్ల వేలంపాట సీను ఉంటది గద, పాత లండన్ స్క్రిప్టుల అది 1905, అండ్ల రౌల్ వీల్‌చైర్ల కూసున్న డెబ్బై ఏండ్ల ముసలోడు. రెండేండ్లకే అమెరికాల పడుచు పోరడై బార్‌ల తాగుతుండు! లాజిక్ గీజిక్ పక్కకు వెడితే పాటలు మాత్రం మస్తున్నయ్. ఆ బార్ సీనుల ఫాంటమ్, రౌల్ పందెం కాస్తరు సూడు, క్రిస్టీన్ పాడితే ఫాంటమ్ గెల్చినట్టు, పాడకపోతే రౌల్ అప్పులన్నీ మాఫ్, పెండ్లాం పిల్లగాడితోని ఎల్లిపోవచ్చు. గా డ్యూయెట్ కోసమే నేను మళ్ళ మళ్ళ పెట్టుకుంట.

రాయగడ_రాత్రిబండి
నేను లాక్‌డౌన్లో చూశాను. 2020 ఏప్రిల్లో యూట్యూబ్‌లో ది షోస్ మస్ట్ గో ఆన్ అనే ఛానెల్లో ఒక వీకెండ్ లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ఆడిన మొదటి ఫాంటమ్, తర్వాతి వీకెండ్ ఇదీ ఫ్రీగా పెట్టారు కదా, రెండు రోజుల్లో చూసెయ్యాలి, లేకపోతే తీసేస్తారు. సరిగ్గా క్రిస్టీన్ స్నేహితురాలు, డాన్సర్ మెగ్ తుపాకీ తీసే టైముకి గాలివాన, కరెంటు ఫట్. ఫోన్లో డేటాతో పెడితే గిరగిరా తిరుగుతూనే ఉంది, క్రిస్టీన్ పోయిందని కింద కామెంట్లలో చదివి తెలుసుకున్నాను, ఏడుద్దామన్నా ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది.

బరంపురం_మేష్టారు
అమ్మాయ్, సీక్వెల్ అంటే నాకేమీ అభ్యంతరం లేదు. పద్యనాటకాలు చూసి పెరిగినవాళ్ళం, ఒక రాత్రి కృష్ణుడు రాయబారానికి వెళ్తాడు, మర్నాడు అదే కృష్ణుడు తులాభారంలో త్రాసెక్కుతాడు, ఏది ముందు ఏది వెనక అని ఎవడడిగాడు? నా గొడవంతా కెమెరాతోనే. సంత మొత్తం కళ్ళముందు తెరుచుకుంటుంటే, చూద్దామనుకునేలోపు ఎవడి ముక్కు మీదకో వెళ్ళిపోతుంది. స్టేజి మీద ఎటు చూడాలో నేను కదా తేల్చుకోవాలి. కానీ టైటిల్ పాట దగ్గర మాత్రం ఆ కెమెరాకే దండం పెట్టాలి, పాడాలా వద్దా అని క్రిస్టీన్ వేషం వేసిన అన్నా ఓబర్న్ ముఖంలో నడిచే గుంజాటన చివరి వరుసలో కూర్చున్నవాడికి కనపడదు.

అసలు ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. మా గంజాంలో ప్రహ్లాద నాటకం చూసినవాళ్ళకి నరసింహుడి మాస్కు అంటే ఏమిటో తెలుసు, దానికి పూజ చేస్తారు, అది పెట్టుకున్నవాడికి పూనకం వస్తుంది. అందుకే నేను ఎప్పుడూ ఫాంటమ్ మాస్కునే చూస్తుంటాను. మొదటిదాంట్లో క్రిస్టీన్ వెనకనుంచి వచ్చి లాగేస్తుంది, వాడు శాపనార్థాలు పెడతాడు. ఇందులో వాడంతట వాడే తీస్తాడు, క్రిస్టీన్ కొడుకు, ఆ కుర్రాడు గుస్తావ్‌కి నా పాట అర్థమైంది కాబట్టి ముఖమూ అర్థమవుతుందనే ఆశతో. పిల్లాడు కెవ్వున అరుస్తాడు. కథలో ఎన్ని కంతలున్నా ఆ ఒక్కదానికి నేను సీక్వెల్‌ని ఒప్పేసుకున్నాను. ఇంట్లో చూడ్డంలో ఇంకో సుఖం, మన దగ్గర పద్యానికి వన్స్ మోర్ పడితే చచ్చి పడున్నవాడు కూడా లేచి మళ్ళీ పాడేవాడంటారు, ఇక్కడ ఆ పని రిమోట్ చేస్తుంది.

బల్లార్షా_భాయ్
మేష్టారూ, మీ మాస్కు ముచ్చట సూపర్. నేను మా అమ్మను పక్కన కూసోబెట్టుకొని చూసిన. ఆమెకు ఇంగ్లిష్ రాదు, కానీ దీపావళి అయినంక మా దిక్కు ఝాడీపట్టీ నాటకాలు మొదలైతయి గద, రాత్రంతా నడుస్తయి, అవి చిన్నప్పటి సంది చూసిన మనిషి. గుస్తావ్ పియానో మీద వాయించుడు మొదలుపెట్టిండో లేదో "ఈ పోరడు గా మాస్కు పెట్టుకున్నోని కొడుకేరా" అన్నది. ఫాంటమ్‌కు ఇంకా తెల్వకముందే! ఇగ నేనేం సస్పెన్స్ దాచాలె?

కొత్తగా చూసేటోళ్ళు ముందు ఆల్బర్ట్ హాల్‌ది చూడుండ్రి, తర్వాత ఇది. అండ్ల పాడిన రమిన్ కరీమ్లూ, సియెర్రా బాగెస్సే 2010ల లండన్ అడెల్ఫీ థియేటర్ల ఈ సీక్వెల్‌ను మొదట ఆడింది, ఆల్బమ్ దొరుకుతది వినుండ్రి. ఇంకో మాట, టైటిల్ పాట ట్యూను కొత్తది కాదు, 2000ల వచ్చిన ది బ్యూటిఫుల్ గేమ్ అనే ఇంకో పాటల నాటకంల వేరే మాటలతోని ఉండె. అయినా ఇండ్లనే మంచిగ కుదిరింది. 2025 మార్చిల మొదటిది ముంబయికి వచ్చింది, టికెట్ రేట్లు చూసి ఫోన్ బోర్లా పెట్టిన.

పర్లాకిమిడి_పిల్ల
మేష్టారూ, ఆ మాస్కు సీను మళ్ళీ పెట్టి చూశాను, మీరన్నది నిజమే, మొదటిసారి నేను పాట ధ్యాసలో పడి వదిలేశాను. కానీ మెగ్ విషయం మింగుడుపడట్లేదు నాకు. మొదటి నాటకం చివర్లో ఖాళీ కుర్చీలోంచి ఆ మాస్కు తీసి చేత్తో పట్టుకునేది మెగ్గే కదా, అలాంటి పిల్ల చేతికి తుపాకీ ఇవ్వడమేంటి? పదేళ్ళు ఫాంటమ్ మెప్పు కోసం డాన్సులాడి ఆడి పిచ్చెక్కింది అంటారు, సరే, అది ముందునుంచీ చూపించాలిగా.

సిరొంచ_గోదారోడు
చూపించిండ్రు. బేదింగ్ బ్యూటీ పాట మళ్ళ సూడు, జనం చప్పట్లు కాదు, ఆయన చూసిండా లేదా అన్నదే ఆమె రంధి. ఆయన అటు చూడనే చూడడు.

పర్లాకిమిడి_పిల్ల
చూస్తాను. అయినా నేను మాత్రం మెగ్ వైపే, రాసినవాళ్ళ వైపు కాదు.

రాయగడ_రాత్రిబండి
శనివారం రాత్రి తొమ్మిదింటికి అందరం ఎవరింట్లో వాళ్ళం ఒకేసారి ప్లే నొక్కుదామా? ఇక్కడే కామెంట్లు పెట్టుకుంటూ. ఇన్వర్టర్ కొన్నాను ఈసారి.