సానా గదిలో కట్టెల పొయ్యి పొగ వెనక్కి తన్నుతోంది

మాది అమలాపురం దగ్గర పల్లె. పెరట్లో చిన్న సానా (ఆవిరి స్నానం) గది కట్టించి ఇనుప కట్టెల పొయ్యి పెట్టించాం. రాళ్లు బాగా కాలుతున్నాయి, నీళ్లు చల్లితే ఆవిరి చక్కగా లేస్తోంది. ఇబ్బందల్లా పొగతోనే.

పొగగొట్టం 6 అంగుళాలది. పొయ్యి వెనక నుంచి గోడలోంచి బయటికెళ్లి పైకి తిరుగుతుంది, దారిలో రెండు ఎల్బోలు (వంపు ముక్కలు). చివర రేకుల కప్పు కొప్పుకంటే అడుగు కిందే ఉంది. మధ్యాహ్నం ఫర్వాలేదు. సాయంత్రం సముద్రపు గాలి మొదలయ్యాక పొయ్యి తలుపు తీస్తే చాలు, పొగ ముఖాన కొడుతోంది. బయటి ఎల్బో అతుకు దగ్గర తారులాంటి నల్లటి జిగురు కారుతోంది. గొట్టంలో దానికి నిప్పంటుకుంటుందేమోనని చాలా టెన్షన్‌గా ఉంది, పైనంతా ఎండు కొబ్బరి మట్టలే.

మామిడి కట్టె మానేసి బాగా ఎండిన సరుగుడు వాడాను, జిగురు కాస్త తగ్గింది. గొట్టం దులిపించాను. ముందుగా కాగితాలు కాల్చి గొట్టం వేడి చేశాను. గది తలుపు కింద గాలికి సందు కూడా వదిలాను. సాయంత్రం పొగ మాత్రం అలాగే ఉంది.

ఎల్బోలు తీసేసి, గొట్టాన్ని కప్పులోంచి నిటారుగా కొప్పు దాటి రెండడుగులు పైకి తీస్తే, ఈ గాలికి పొగ వెనక్కి తన్నడం ఆగుతుందా?