పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్పు: పాస్‌పోర్ట్ రీఇష్యూకి ఈ కాగితాలు సరిపోతాయా?

అక్క పాస్‌పోర్ట్‌లో పుట్టింటి ఇంటిపేరే ఉంది. రీఇష్యూకి కారణం 'వ్యక్తిగత వివరాల్లో మార్పు' అని పెట్టి, 36 పేజీల బుక్కుకి మామూలు పద్ధతిలో ₹1500 కట్టాం. పాత పాస్‌పోర్ట్, దాని మొదటి, చివరి రెండేసి పేజీల జిరాక్సులు, మ్యారేజ్ సర్టిఫికెట్, బావగారి పాస్‌పోర్ట్ కాపీ సిద్ధం.

చిక్కల్లా పేర్ల దగ్గరే. ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఎక్కింది, పాన్‌లో ఎక్కలేదు. సర్టిఫికెట్‌లో పెళ్లికి ముందు పేరే ఉంది. ఆ సర్టిఫికెట్‌కి ఆధార్ జతచేస్తే చాలా, లేక భార్యాభర్తల ఫోటోతో అనెక్సర్ జె (ఇద్దరూ సంతకం చేసే ఉమ్మడి డిక్లరేషన్) కూడా ఇవ్వాలా? ముందు పాన్ మార్పించడం మేలా? పాత బుక్కులో గడువున్న అమెరికా వీసా ఉంది, అందుకే ఫైల్ ఆగిపోతుందేమోనని భయం. హైదరాబాద్, విజయవాడ పాస్‌పోర్ట్ సేవా కేంద్రాల్లో ఈమధ్య ఇలా మార్పించుకున్నవాళ్లు దయచేసి చెప్పండి.