రాగి తీగ ల్యాండ్‌లైన్‌ను ఫైబర్ ఫోనుగా మార్చుకోవచ్చా?

ప్రశ్న:
రాజమండ్రిలో మా అమ్మానాన్నల ఇంట్లో ముప్ఫై ఏళ్లుగా ఉన్న ల్యాండ్‌లైన్‌ను ఫైబర్ కనెక్షన్‌కు మార్చుకోమంటున్నారు. 0883తో మొదలయ్యే ఆ నంబరు బంధువులందరికీ కంఠతా వచ్చు కనుక అది పోకూడదు; పైగా చెవి సరిగా వినపడని నాన్నగారికి సెల్‌ఫోను కన్నా ఆ బరువైన రిసీవరే అలవాటు. కరెంటు పోయినప్పుడు ఫోను పనిచేస్తుందా అన్నదే నా అసలు బెంగ.

మొదటి జవాబు:
మీ బెంగ సబబైనదే. రాగి తీగలో ఎక్స్ఛేంజి నుంచే దాదాపు 48 వోల్టుల విద్యుత్తు వస్తుంది కాబట్టి ఇంట్లో కరెంటు లేకపోయినా పాత ఫోను మోగేది. ఫైబర్‌లో వచ్చేది వెలుతురే, కరెంటు కాదు కాబట్టి, గోడకు బిగించిన మోడెం ఇంటి కరెంటుతోనే నడవాలి; అది ఆగిపోతే ఫోను కూడా మూగబోతుంది. మేము మోడెంకు 12 వోల్టుల చిన్న యూపీఎస్ (కరెంటు పోతే బ్యాటరీతో నడిపే పెట్టె) పెట్టుకున్నాము. ఇల్లంతా చీకటైనా మోడెం మీది ఆకుపచ్చ దీపాలు వెలుగుతూనే ఉంటాయి. మీ మోడెం అడాప్టరు మీద రాసి ఉన్న వోల్టులు, ఆంపియర్లు చూసి, వాటికి సరిపోయేదే కొనండి.

రెండో జవాబు:
పాత నంబరే కొనసాగాలని దరఖాస్తులోనే స్పష్టంగా రాసి, రసీదు తీసుకోండి. మా అత్తగారింట్లో నోటిమాట నమ్మినందుకు కొత్త నంబరు వచ్చింది, పాతదాని కోసం మూడు వారాలు తిరిగాము. రిసీవరు మార్చనక్కరలేదు, మీట్లు నొక్కే ఫోనైతే మోడెం వెనుక ఫోను గుర్తున్న సాకెట్‌లో తీగ పెడితే చాలు. గుండ్రటి డయలు తిప్పే ఫోనైతే మాత్రం, దాని సంకేతాలను చాలా మోడెంలు గ్రహించలేవు.

ప్రశ్న అడిగినవారు:
నాన్నగారిది మీట్ల ఫోనే. యూపీఎస్ కొన్నాకే దరఖాస్తు ఇస్తాను. ఇద్దరికీ కృతజ్ఞతలు.