డిగ్రీకే బయట దేశం: ఎయిడ్ తక్కువ అడిగితే సీటు వస్తుందా?

వానచినుకు:
అన్నయ్యలూ, అక్కలూ, ఒక డౌట్. పన్నెండో తరగతి చదువుతున్నాను, డిగ్రీ బయట దేశంలో చేయాలని ఉంది. మార్కులు బాగానే వస్తాయి, టాపర్‌ని మాత్రం కాదు. అమెరికా కాలేజీలో ఏడాదికయ్యే ఖర్చులో పదో వంతు కూడా మా ఇంట్లో పెట్టలేరు, అంటే దాదాపు మొత్తం స్కాలర్‌షిప్ మీదే వెళ్లాలి. నెట్‌లో వెతికితే ఫుల్‌బ్రైట్, చీవెనింగ్, ఎరాస్మస్ ముండస్ అని వస్తున్నాయి, తీరా లోపలికెళ్లి చదివితే అవి డిగ్రీ అయిపోయినవాళ్లకి. నాలాంటివాళ్లకి ఏమున్నాయో ఎవరూ సరిగ్గా చెప్పట్లేదు.

ఇంకోటి. ఒక కన్సల్టెన్సీ ఆయన, ఎయిడ్ (కాలేజీ ఇచ్చే ఆర్థిక సాయం) ఎక్కువ అడిగితే రిజెక్ట్ చేస్తారు, సగం ఖర్చు మేమే పెట్టుకుంటామని ఫామ్‌లో రాసెయ్, సీటు వచ్చాక మిగతాది అడుక్కోవచ్చు అంటున్నాడు. నిజంగా అలా కుదురుతుందా? ఇది విన్నప్పటి నుంచి ఒకటే టెన్షన్.

గుడ్లగూబ:
ఆయన చెప్పిందాంట్లో మొదటి సగం నిజం, రెండో సగం నిన్ను ముంచేది.

అమెరికాలో ఎక్కువ కాలేజీలు విదేశీ విద్యార్థి ఎంత డబ్బు అడుగుతున్నాడో చూసి మరీ సీటు నిర్ణయిస్తాయి. దాన్ని నీడ్-అవేర్ అంటారు. అసలు ఆ సంగతి చూడకుండా అడ్మిషన్ ఇచ్చేవి నీడ్-బ్లైండ్, విదేశీయులకి కూడా అలా చేసేవి చాలా తక్కువ: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్, బోడన్, బ్రౌన్ లాంటివి. వాటిలో సీటు దొరకడం ఎంత కష్టమో నేను వేరే చెప్పక్కర్లేదు.

మరి తక్కువ రాస్తే ఏమవుతుంది? సీటు వస్తుందేమో. కానీ చాలా కాలేజీలు తమ వెబ్‌సైట్లోనే రాసి పెడతాయి, చేరేటప్పుడు ఎయిడ్ అడగని విదేశీ విద్యార్థికి తర్వాత కూడా ఇవ్వబోమని. పైగా వీసాకి కావాల్సిన ఐ-20 కాగితం ఇవ్వాలంటే మొదటి ఏడాది డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో నువ్వు చూపించాలి, ఆ సగం అప్పుడు ఎవరు చూపిస్తారు, ఆ కన్సల్టెన్సీ ఆయనా? సీఎస్ఎస్ ప్రొఫైల్ అని ఒక ఫామ్ ఉంటుంది, ఇంటి ఆదాయం, ఆస్తి, అప్పులు అన్నీ అందులో నింపాలి, చాలా కాలేజీలు కాగితాలు కూడా అడుగుతాయి. అక్కడ ఒక లెక్క, ఇక్కడ ఒక లెక్క రాస్తే దొరికిపోతావు. ఎంత కావాలో అంతా అడుగు. నీ తెలివి కాలేజీలు ఎంచుకోవడంలో చూపించు: సీటు ఇచ్చినవాళ్లకి అవసరమైనదంతా ఇస్తామని రాతపూర్వకంగా చెప్పేవి కొన్ని ఉన్నాయి, పెద్దగా పేరు వినని చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు (ముఖ్యంగా డిగ్రీ చదువు మీదే దృష్టి పెట్టేవి) కూడా అందులో ఉంటాయి. మెరిట్ స్కాలర్‌షిప్ పేరుతో ఫీజులో కొంచెం తగ్గించి మిగతాది కట్టమనే చోట్లు నీకు పనికిరావు, ఆ ఉత్తరం ఎంత అందంగా ఉన్నా సరే.

కాగితప్పడవ:
పైన చెప్పింది కరెక్టే, కానీ అందరూ అమెరికా దగ్గరే ఎందుకు ఆగిపోతారో నాకు అర్థం కాదు. డిగ్రీ పిల్లలకి ప్రభుత్వాలిచ్చే స్కాలర్‌షిప్‌లు వేరే ఉన్నాయి. జపాన్‌ది మెక్స్ట్: రాయబార కార్యాలయం ద్వారా అప్లై చేసి పరీక్ష రాయాలి, ఫీజు ఉండదు, విమానం టికెట్ వాళ్లదే, నెలకి 1,17,000 యెన్లు స్టైపెండ్, మొదటి ఏడాదంతా జపనీస్ నేర్పుతారు కాబట్టి మామూలు కోర్సు మొత్తం 5 ఏళ్లు. టర్కీది తుర్కియే బుర్స్‌లరి: జనవరి, ఫిబ్రవరి మధ్య తెరుస్తారు, అప్లికేషన్‌కి పైసా అక్కర్లేదు, అక్కడా ఒక ఏడాది భాషే. హంగరీ వాళ్ల స్టైపెండియం హంగారికుమ్‌లో ఇంగ్లీషులో చెప్పే కోర్సులు చాలా ఉన్నాయి గానీ స్టైపెండ్ చాలా తక్కువ, నెల గడవాలంటే ఇంటి నుంచి కొంత రావాలి.

నేను కొరియాకి అక్కడి ప్రభుత్వ స్కాలర్‌షిప్ జీకేఎస్‌లో వచ్చాను. ఇక్కడా మొదట ఏడాది కొరియన్, ఆఖర్లో టోపిక్ అనే కొరియన్ భాషా పరీక్షలో లెవెల్ 3 రాకపోతే డిగ్రీలోకి పోనివ్వరు. భాష ఏడాది చాలామందికి వేరే ఊళ్లో పడుతుంది, అప్పుడే కాస్త స్నేహితులయ్యారు అనుకునేసరికి మళ్లీ మూటాముల్లె సర్దుకోవాలి. ఆ ఏడాది వేస్ట్ అని కొందరంటారు, నేనైతే అనను, అది లేకపోతే క్లాసులో మొదటి నెలలోనే చేతులెత్తేసేవాణ్ణి.

పిట్టగోడ:
మధ్యలో దూరుతున్నా సారీ. జర్మనీలో ఫీజే లేదు కదా, స్కాలర్‌షిప్ గొడవ ఎందుకు?

గుడ్లగూబ:
ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలా చోట్ల లేదు, బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో ఈయూ బయటి వాళ్లకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు ఉంది. కానీ వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాది ఖర్చు ముందే వేసి చూపించాలి, 2024 సెప్టెంబర్ నుంచి 11,904 యూరోలు. పన్నెండో తరగతి సర్టిఫికెట్ నేరుగా చాలకపోతే ముందు స్టూడియెన్‌కోలెగ్ అనే సన్నాహక కోర్సు కూడా చదవాలి. డాడ్ (DAAD) అనే జర్మన్ సంస్థ ఇచ్చే స్కాలర్‌షిప్‌లు ఎక్కువగా పీజీకీ పీహెచ్‌డీకీ. ఫీజు లేనంత మాత్రాన ఖర్చు లేనట్టు కాదు.

వానచినుకు:
చాలా థాంక్స్. బ్లాక్డ్ అకౌంట్ మాట విన్నాక జర్మనీ పక్కన పెట్టేశాను. అప్లికేషన్‌లో రాసే ఎస్సే సంగతి కూడా చెప్పండి ప్లీజ్. ఇంట్లో కష్టాలన్నీ రాయమని కొందరు, అస్సలు రాయొద్దని కొందరు. నాకు కాంపిటీషన్లు, మెడల్స్ ఏం లేవు, స్కూలయ్యాక పని చేసేదాన్ని, తమ్ముణ్ణి చూసుకునేదాన్ని, అంతే.

చిలకపచ్చ:
చెల్లీ, నేను ఒక స్కాలర్‌షిప్‌కి వచ్చే అప్లికేషన్లు చదువుతుంటాను. డబ్బు లేదన్న సంగతి ఎయిడ్ ఫామ్‌లో ఎలాగూ తెలిసిపోతుంది, ఎస్సేలో మళ్లీ అదే ఏకరువు పెడితే నీ గురించి తెలిసేది ఏమీ ఉండదు. కామన్ యాప్ (చాలా అమెరికా కాలేజీలకి ఒకేచోట అప్లై చేసే ఫామ్) ఎస్సేకి ఉన్నదే 650 పదాలు. ఆ కష్టంలో నువ్వేం చేశావు, ఏం ఆలోచించావు అన్నది రాయి. తమ్ముడికి లెక్కలు చెప్పేటప్పుడు వాడు ఎక్కడ ఆగిపోయేవాడు, నువ్వు ఏం మార్చావు, అలాంటివి చదువుతుంటే మనిషి కనిపిస్తుంది. "చిన్నప్పటి నుంచి ప్రపంచాన్ని మార్చాలని" అని మొదలయ్యేవి చదివీ చదివీ నా కళ్లు కాయలు కాశాయి.

"అంతే" అనకు. కామన్ యాప్‌లో యాక్టివిటీస్‌కి 10 గళ్లుంటాయి, జీతానికి చేసిన పని, ఇంటి బాధ్యతలు అని విడిగా కేటగిరీలే ఉన్నాయి, వారానికి ఎన్ని గంటలో నిజాయితీగా రాయి.

రికమెండేషన్ లెటర్‌కి పెద్ద హోదా ఉన్న మనిషి కోసం తిరగొద్దు, క్లాసులో నిన్ను రోజూ చూసిన టీచర్ చాలు, డెడ్‌లైన్‌కి నెల ముందే అడుగు. టొరంటో యూనివర్సిటీ పియర్సన్ స్కాలర్‌షిప్ కూడా చూడు, నాలుగేళ్ల ఫీజు, పుస్తకాలు, హాస్టల్ అన్నీ ఇస్తుంది, కాకపోతే స్కూలే నిన్ను నామినేట్ చేయాలి, కాబట్టి ప్రిన్సిపాల్‌తో ఇప్పుడే మాట్లాడు. ఇంకోటి, స్కాలర్‌షిప్ వచ్చింది, రిలీజ్ చేయడానికి ప్రాసెసింగ్ ఫీజు కట్టండి అని ఎవరైనా మెయిల్ చేస్తే అది మోసమే, రెండో ఆలోచన వద్దు.

వానచినుకు:
అక్కా, గంటలు లెక్కేస్తే నాకే ఆశ్చర్యంగా ఉంది. రేపే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్తాను. ఆ కన్సల్టెన్సీకి ఇంక వెళ్లను. పడవ అన్నయ్యా, కొరియాకి అప్లై చేయాలంటే భాష ముందే రావాలా?

కాగితప్పడవ:
తప్పనిసరి కాదు. టోపిక్ లెవెల్ 5 ముందే ఉంటే భాష ఏడాది మినహాయిస్తారు, అంతే తేడా. జాగ్రత్తగా చూసుకోవాల్సింది వేరే ఉంది: రాయబార కార్యాలయం ద్వారా గానీ నేరుగా యూనివర్సిటీ ద్వారా గానీ ఒక్క దారిలోనే వేయాలి, రెండింట్లో వేస్తే ఏకంగా తీసేస్తారు. ఏ దారో తేల్చుకున్నాక ఇక్కడే రాయి, కాగితాల సంగతి చెప్తాను.