వెల్డింగ్‌లో మిగిలిపోయే స్ట్రెస్: సిమ్యులేషన్‌ను నమ్మొచ్చా, కొలిచి చూడాల్సిందేనా?

మిర్యాలగూడ_ఫ్యాబ్:
రైస్ మిల్లు ఎలివేటర్ కింద వేసే బేస్ ఫ్రేమ్, 16 ఎంఎం ప్లేటు. వెల్డింగ్ అయ్యాక పైముఖం మెషినింగ్ చేయించాం. క్లాంపులు విప్పగానే ఒక మూల 2 ఎంఎం లేచి కూర్చుంది. ఇకనుంచి ముందే ఎఫ్‌ఈఏ (కంప్యూటర్‌లో స్ట్రెస్ లెక్కగట్టే సిమ్యులేషన్) చేయమని మా ఓనర్. చేస్తే వెల్డు పక్కన స్ట్రెస్ 3400 ఎంపీఏ (మెగాపాస్కల్) చూపిస్తోంది! ప్లేటు యీల్డే, అంటే శాశ్వతంగా సాగడం మొదలయ్యే స్ట్రెస్సే 250. నన్నడిగితే ఇది దండగ పని, కొలవడం ఒక్కటే దారి.

పాలమూరు_మెష్:
అన్నా, మెటీరియల్‌ను ఎలాస్టిక్‌గా (ఎంత లాగినా వదిలితే మళ్లీ వెనక్కొచ్చేదిగా) వదిలేసినట్టున్నావ్. కదలకుండా బిగించిన స్టీలు ఒక్కో డిగ్రీ చల్లారితే దాదాపు 2.4 ఎంపీఏ పెరుగుతుంది. నూరు డిగ్రీలు దాటేసరికే 250 అయిపోయింది. నువ్వేమో కరిగే వేడి నుంచి గుణించుకుంటూ వచ్చావ్. ప్లాస్టిసిటీ (యీల్డ్ దాటాక శాశ్వతంగా సాగిపోవడం) పెట్టు, వేడికి యీల్డ్ ఎంత పడిపోతుందో పట్టిక ఇవ్వు. ముందు థర్మల్ రన్, ఆ టెంపరేచర్లతో మెకానికల్ రన్. ఆర్క్ వేడికి గోల్డాక్ 1984లో ఇచ్చిన డబుల్ ఎలిప్సాయిడ్ (ఆర్క్ వేడి ఎక్కడ ఎంత పడుతుందో చెప్పే గుడ్డు ఆకారపు లెక్క) చాలు.

మిర్యాలగూడ_ఫ్యాబ్:
పట్టిక ఎక్కడిది తమ్మీ? ప్లేటుతో వచ్చిన టెస్ట్ సర్టిఫికెట్‌లో మామూలు వేడి దగ్గరి విలువలే ఉన్నాయి. 1000 డిగ్రీలకు ఏదో పుస్తకంలోని అంకె తెచ్చి పెడితే ఆ జవాబు మా ప్లేటుదెట్లయితది?

దేవరకొండ_కొలిమి:
మా తాత కమ్మరి. బండి గీరకు ఇనుప పట్టా ఎర్రగా కాల్చి ఎక్కించి, పొగ లేస్తుండగానే నీళ్లు కొట్టేవాడు. ఓసారి పాత గీర పట్టాను ఉలితో తెగ్గొడితే టప్పుమని అగ్గిపుల్ల దూరేంత సందు తెరుచుకుంది. అన్నేళ్లూ లోపల బిగబట్టుకున్నదంతా ఆ సందులో బయటపడింది. దీనికి కంప్యూటర్ ఎందుకు? ఫ్రేమును ఫర్నేసులో 600 డిగ్రీల దాకా కాల్చి నిదానంగా చల్లార్చండి.

పాలమూరు_మెష్:
ఆరు మీటర్ల ఫ్రేము ఏ ఫర్నేసులో పడుతుంది పెద్దాయనా? కొలతలూ అంత నమ్మకమేం కాదు. మామూలు ఎక్స్‌రే పద్ధతి పైపై మైక్రాన్లే చూస్తుంది. హోల్ డ్రిల్లింగ్ (చిన్న రంధ్రం వేసి చుట్టూ లోహం ఎంత కదిలిందో కొలిచేది) మహా అయితే ఒకట్రెండు ఎంఎం లోతు. స్ట్రెస్ యీల్డ్‌కు దగ్గరపడితే అదీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. సిమ్యులేషన్‌ను అంకె అడగొద్దన్నా. వెల్డు ఏ వరసలో వేస్తే తక్కువ వంగుతుందో అడుగు. రెండు వరసలకూ అదే పట్టిక వాడతాం కాబట్టి దాని తప్పు చాలావరకు రెండింట్లోనూ ఒకేలా పడుతుంది.

మిర్యాలగూడ_ఫ్యాబ్:
వరస సంగతి ఒప్పుకుంటా. వంపు కలిసినంత మాత్రాన లోపలి స్ట్రెస్ కూడా కలిసినట్టు కాదని నువ్వూ ఒప్పుకో. వచ్చే ఫ్రేముకు మెషినింగ్‌లో తీసేసే పొరను మోడల్‌లోనూ తొలగించి చూస్తా. మూల ఎంత లేస్తుందో క్లాంపులు విప్పకముందే ఇక్కడ రాస్తా, తర్వాత డయల్ గేజీ ఫొటో పెడతా. అప్పుడు మాట్లాడుకుందాం.