యుద్ధ నేరాల విచారణ సొంత దేశపు కోర్టుల్లో జరగాలా?

మూసీ తీరం (సూర్యాపేట):
ఊచకోతలకు పాల్పడినవారిని ఆ దేశపు కోర్టులే విచారించాలని మా గ్రంథాలయ సభలో ఒక వక్త వాదించారు. నాకు మింగుడుపడలేదు. మన జిల్లా సంగతే చూడండి. 1948 సెప్టెంబరులో నిజాం రాజ్యంపై భారత సైన్యం జరిపిన పోలీసు చర్య ముగిశాక, నిజాం పక్షాన పోరాడిన రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీకి ఏ కేసులో శిక్ష పడింది? బీబీనగర్ దోపిడీ కేసులో! అంత నెత్తురు పారితే కోర్టు కాగితాల్లో మిగిలింది దోపిడీ. 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. సైనిక గవర్నర్ కాలపు ప్రత్యేక ట్రిబ్యునళ్లేమో రైతాంగ పోరాటంలో పట్టుబడిన 12 మందికి ఉరిశిక్ష వేశాయి. దేశవిదేశాల్లో ఆందోళన జరిగాకే అవి యావజ్జీవ శిక్షలుగా మారాయి. ఇక పోలీసు చర్య వెంబడి హైదరాబాద్ రాజ్యమంతటా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని భారత ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. చనిపోయినవారిలో అత్యధికులు ముస్లింలు. ఆ నివేదికను దశాబ్దాలపాటు బయటపెట్టని ప్రభుత్వం ఆ కేసులు నిజాయితీగా నడిపిస్తుందని ఎలా నమ్మాలి?

పాలమూరు పాఠకురాలు (వనపర్తి):
మూసీ తీరం గారూ, గెలిచినవాడే తీర్పరి అయితే న్యాయం దక్కదన్న మాట ఒప్పుకుంటాను. కానీ సాక్షి సంగతి ఆలోచించండి. వాయిదాకు హైదరాబాద్ వెళ్లాలంటేనే మా వైపు కూలీలు రెండు రోజుల కూలి వదులుకోవాలి. రువాండా మారణకాండపై ఐక్యరాజ్యసమితి కోర్టు పక్క దేశం టాంజానియాలోని అరూషాలో కూర్చుంది. అక్కడ అభియోగాలు మోపింది 93 మందిపైనే. ఊళ్లలో జరిగిన గచాచా పంచాయతీలు 2012 నాటికి పది లక్షలకు పైగా కేసులు తేల్చాయి. వాటిలో న్యాయవాదులు లేరు, లోపాలున్నాయి. అయినా తన అన్నను చంపినవాడిని ఊరందరి ముందు నిలదీసే అవకాశం ఒక ఆడమనిషికి దొరికింది. అది చిన్న విషయం కాదు.

నల్లకోటు (నల్లగొండ):
అసలు మన చట్టంలో ఏముందో చూడండి. యుద్ధ నియమాల గురించిన 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం కింద ప్రభుత్వం ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు కేసు చేపట్టలేదు. జాతి నిర్మూలన, మానవాళిపై నేరాలు మన శిక్షాస్మృతిలో లేవని, ఈ లోటు వెంటనే పూడ్చాలని 2018లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. దాని స్థానంలో వచ్చిన కొత్త న్యాయ సంహితలోనూ వాటిని చేర్చలేదు. అంతర్జాతీయ నేర న్యాయస్థానంలో మనకు సభ్యత్వమూ లేదు. నేరానికి పేరే లేనప్పుడు కోర్టు ఎక్కడుంటే ఏం లాభం?

మూసీ తీరం (సూర్యాపేట):
పాఠకురాలు గారూ, అరూషా దూరం నేను ఆలోచించలేదు. బోస్నియాలో 2005లో యుద్ధ నేరాల విభాగం పెట్టినప్పుడు స్థానిక న్యాయమూర్తుల పక్కన విదేశీ న్యాయమూర్తులు కూర్చున్నారు, క్రమంగా తప్పుకున్నారు. అలాంటి కోర్టు మన ఊళ్లోనే ఉంటే ఒప్పుకుంటాను. అయితే రెండు పక్షాల కేసులూ అందులోకి రావాలి, ఈ షరతు మాత్రం వదలను. మా నానమ్మ ఇద్దరు అన్నలనూ 1948లోనే పోగొట్టుకుంది. పెద్దన్నను రజాకార్లు చంపారు, రెండో ఆయనను సైన్యం పట్టుకుపోయింది. పెద్దన్న గురించి ఊళ్లో అందరూ అడిగేవారు, రెండో ఆయన పేరు ఎత్తితే మాట మార్చేవారు.